నీలం మూత మేత

పరిశోధన కేంద్రంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్ద డాక్టరు దగ్గర నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆమె కాటా అక్కే. కోళ్ళ షెడ్డులో పందొమ్మిదేళ్ళుగా తూకం పని ఆమెది. పొద్దున్నే మేత తూచి తొట్లలో పోసేది. మర్నాడు మిగిలిన మేత తూచి పుస్తకంలో రాసేది. వారానికోసారి కోడిపిల్లలను ఒక్కొక్కదాన్నే పట్టుకుని కాటా మీద నిలబెట్టేది. పిల్లను పట్టుకోవడం కూడా ఒక విద్యే. రొమ్ము కింద అరచెయ్యి పెట్టి, కాళ్ళు రెండూ వేళ్ళ మధ్య ఇరికించుకుని లేపితే అది కిక్కురుమనదు. కొత్తవాళ్ళు రెక్క పట్టుకుని లాగుతారు. అది గింజుకుంటుంది, కాటా మీద అంకె ఒకచోట నిలవదు. కాటా అక్క చేతిలో మాత్రం పిల్ల కళ్ళు మూసుకుని కూర్చునేది.

"మా అమ్మాయి చూపు పడితే చాలు, కాటాకి పనే లేదు. ఇంట్లో వాళ్ళాయన పళ్ళెంలో ముద్ద మిగిల్చినా తూచి రాస్తుందేమో పాపం!" అనేవాడు మిక్సరు బాబాయి.

మేత కలిపే యంత్రం ఆయన చేతి కింద ఉండేది. మొక్కజొన్న పిండి, నూనె తీసిన చెక్క, ఖనిజ లవణాలు లెక్కప్రకారం కలిపి డబ్బాలకు ఎత్తడం ఆయన పని. ఒళ్ళంతా పిండే, కనుబొమల మీద కూడా పిండే. నవ్వితే పిండి రాలేది.

కాటా అక్క భర్త దర్జీ. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో కాపురం. ఆయన మాట తక్కువ మనిషి. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి కాబట్టి మాట్లాడడం కుదరదని ఆమె వేళాకోళం చేసేది. ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దవాడు రాయిలా పెరిగాడు, ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. రెండోది ఆడపిల్ల, దక్కలేదు.

ఆ పిల్ల గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ పిల్లకు ఆకలి లేకపోవడమంటూ లేదు. పెట్టినంతా తినేది, ఇంకా అడిగేది. అయినా చేతులు పుల్లల్లా, పొట్ట మాత్రం ముందుకు వచ్చి, జుట్టు పలచబడి, నాలుగో ఏట రెండేళ్ళ పిల్లలా కనిపించేది. ఆసుపత్రికి తిప్పారు. ఒకరు నులిపురుగులన్నారు, ఒకరు పేగుల లోపమన్నారు, ఒకరు ఏదో టానిక్ రాశారు. "మీరు సరిగ్గా పెట్టడం లేదేమో" అన్నాడు ఇంకో డాక్టరు. ఆ మాటకు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఒకనాటి మధ్యాహ్నం, అంతకు గంట ముందే కడుపు నిండా తిన్న పిల్ల, తల్లి ఒళ్ళోనే చల్లబడిపోయింది. కారణమేమిటో ఎవరూ చెప్పలేకపోయారు. దర్జీ అప్పటికి కుట్టి పెట్టిన చిన్న గౌన్లు నాలుగింటినీ ఎవరికో ఇచ్చేశాడు. ఆ తర్వాత ఏడాదికి ఆమె కోళ్ళ షెడ్డులో పనికి చేరింది.

ఆమె పనిలో చేరిన పందొమ్మిదో ఏట షెడ్డుకు పరిశోధన చేసే అమ్మాయి ఒకతె వచ్చింది. డాక్టరేట్ పట్టా కోసమే ఆ పరిశోధన. పట్టా ఇంకా చేతికి రాలేదు గానీ, షెడ్డులో వాళ్ళు ముందే ఇచ్చేసి చిన్న డాక్టరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. సన్నగా, కళ్ళద్దాలతో, చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకంతో ఉండేది. షెడ్డు గుమ్మం దగ్గర మందు నీళ్ళలో బూట్లు ముంచి లోపలికి రావాలన్న నియమాన్ని కాటా అక్క తర్వాత అంత నిష్ఠగా పాటించిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఇద్దరికీ కుదిరింది.

ప్రయోగం పెద్దదే. షెడ్డును తీగ వలతో ఇరవై నాలుగు అరలుగా విడగొట్టారు. ఒక్కో అరలో ఇరవై పిల్లలు. నాలుగు రకాల మేత. అన్నిటిలోనూ సరుకంతా ఒకటే, ఒక్క లైసిన్ మాత్రం తేడా. తెల్ల మూత డబ్బాలో ఎక్కువ, ఎర్ర మూతలో కొంచెం తక్కువ, పసుపు మూతలో ఇంకా తక్కువ, నీలం మూతలో అన్నిటికన్నా తక్కువ. ఒక్కో రంగుకు ఆరు అరలు, ఒక్కో అరకు ఒక డబ్బా. మూడు వారాలు పెంచి తూచాలి.

"ఈ లైసిన్ ఏంటమ్మా? మందా?" అని అడిగింది కాటా అక్క మొదటి రోజు.

చిన్న డాక్టరమ్మ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. "మందు కాదక్కా. మనం మాంసకృత్తులు అంటామే, అది ఒకటే వస్తువు కాదు. ఇరవై రకాల ముక్కలు కలిస్తే తయారవుతుంది. వాటిని అమైనో ఆమ్లాలు అంటారు. కొన్నిటిని కోడి తనంతట తనే చేసుకుంటుంది. కొన్ని మాత్రం మేతలో మనమే ఇవ్వాలి. లైసిన్ అలాంటిది. పెరిగే పిల్లకి కండ పట్టాలంటే అదే ముఖ్యం. మొక్కజొన్నలో అది సరిపడా ఉండదు."

"తక్కువైతే ఏమవుతుంది? ఆకలికి మాడతాయా?"

"లేదక్కా. కడుపు నిండా తింటాయి. కానీ తిన్నది ఒంటికి పట్టదు."

కాటా అక్క చేతిలో చేట అలాగే ఆగిపోయింది. "ఒక్కటి తక్కువైతేనే?"

"ఒక్కటి తక్కువైనా చాలు. మిగతావి ఎంత ఉన్నా వృథానే."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆ సంగతి భర్త చెవిన వేసింది. ఆయన నోట్లో గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టాడు. "పది చొక్కాలకి ముందు ముక్కలు, వెనక ముక్కలు, కాలర్లు అన్నీ కత్తిరించి పెట్టుకున్నామనుకో. చేతుల గుడ్డ ఆరు చొక్కాలకే వచ్చింది. ఎన్ని చొక్కాలవుతాయి? ఆరే. మిగతా గుడ్డంతా పీలికలే," అన్నాడు. తర్వాత మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు. పిల్ల మాట ఇద్దరూ ఎత్తలేదు.

మొదటి వారం తూకానికే తేడా తెలిసిపోయింది. తెల్ల మూత పిల్ల నూట ఎనభై గ్రాములుంటే, నీలం మూత పిల్ల నూట ముప్పై దాటలేదు. తూకం అక్కర్లేకుండానే కంటికి ఆనేది. వాటి రెక్కల ఈకలు ఒద్దికగా పడుకోకుండా పైకి లేచి ఉండేవి. రంపపు పొట్టు మీద అవి తిరిగే తీరు కూడా వేరు. మిగతావి తిని, తాగి, బల్బు కింద సాగిలపడి నిద్రపోయేవి. నీలం మూత పిల్లలు తొట్టి దగ్గర నుంచి కదిలేవి కావు. తింటూనే ఉండేవి. తల పైకెత్తి ఆమె వంక చూసి మళ్ళీ తినేవి.

ఎనిమిదో రోజు పొద్దున, షెడ్డు చివర గోడవార ఉన్న నీలం అరలో ఒక పిల్ల ఆమె బూటు మీదకు ఎక్కి నిలబడింది. అన్నిటిలోకీ చిన్నది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. రొమ్ము ఎముక కత్తి అంచులా అరచేతికి తగిలింది. పొట్ట మాత్రం మేతతో బిర్రుగా ఉంది. అటూ ఇటూ చూసింది. సామాను గదిలో తెల్ల మూత మేత అదనంగా కలిపిన బస్తా ఒకటి ఉంది. డబ్బాల్లో తగ్గితే వాడడానికని పక్కన పెట్టారు, దాన్ని ఎవరూ తూచరు. వెళ్ళి ఒక దోసెడు తెచ్చి ఆ అర తొట్టిలో పోసింది. ఆ ఒక్కపూటకే అనుకుంది.

సాయంత్రం ఇంకో దోసెడు పోసింది. మర్నాడు పక్కనున్న నీలం అర చూస్తే, దాని పాపం ఏమిటనిపించింది. దానికీ పోసింది. మూడో నాటికి గోడవార ఉన్న మూడు నీలం అరలకూ పొద్దున ఒక దోసెడు, సాయంత్రం ఒక దోసెడు అలవాటైపోయింది. మిగతా మూడు నీలం అరలు తలుపు దగ్గర, ఆఫీసు కిటికీకి ఎదురుగా ఉన్నాయి. వాటి దగ్గరకు వెళ్ళినప్పుడు ఆమె తల దించుకుని, లెక్కప్రకారం డబ్బాలో మేత తూచి పోసి, చరచరా వచ్చేసేది. తన చేతితో వీటికి పెట్టి వాటికి పెట్టకపోవడం ఆమె మనసును ఇంకో వైపు నుంచి కోసేది. అయినా మానలేదు. ఇరవై ఒకటో రోజు దాకా పోస్తూనే ఉంది. పుస్తకంలో మాత్రం నీలం డబ్బా తూకమే రాసింది. పందొమ్మిదేళ్ళలో ఆ పుస్తకంలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది. రాసిన అంకె ప్రతిదీ నిజమే. రాయనిదే అబద్ధం.

ఆఖరి తూకం రోజు చిన్న డాక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. తలుపు దగ్గరి నీలం పిల్లలు ఆరు వందల ఇరవై గ్రాములుంటే, గోడవార నీలం పిల్లలు ఎనిమిది వందలకు దగ్గరలో ఉన్నాయి. ఒకటే మేత. ఒకే రోజు పొదిగిన పిల్లలు. పైగా గోడవారవి డబ్బా మేత తక్కువ తిని ఎక్కువ పెరిగినట్టు లెక్క తేలింది.

"తూకంలో తప్పు లేదు. తూచింది కాటా అక్క," అంది ఆ అమ్మాయి, పుస్తకం మూస్తూ. "మరి మేత కలపడంలోనే జరిగుండాలి."

కాటా అక్క తల దించుకుని ఖాళీ తొట్టి ఎత్తి పక్కన పెట్టింది.

పెద్ద డాక్టరు మిక్సరు బాబాయిని పిలిచి కాటా అక్క ఎదుటే అడిగారు. గట్టిగా ఏమీ అనలేదు. లైసిన్ పొడి అంతటా సమంగా కలవలేదేమో, యంత్రం ఎంతసేపు తిప్పారు అని మాత్రమే అడిగారు. ఆయన పిండి చేతులు పంచెకు తుడుచుకుంటూ, "గడియారం చూసే తిప్పాను సార్. నేను నా జన్మలో అరకొరగా ఆపలేదు," అన్నాడు. అప్పటి నుంచి నాలుగు రోజుల పాటు ఆయన వేళాకోళాలు ఆడలేదు. మధ్యాహ్నం కాటా అక్క పక్కనే కూర్చుని అన్నం డబ్బా విప్పి, తినకుండా మూసేశాడు. "ముప్పై ఏళ్ళ పేరు, అమ్మాయ్. ఒక్క మాటతో పోయింది," అన్నాడు. ఆమె ఆయన మొహం చూడలేకపోయింది. రేపు చెప్పేద్దామనుకుంటూ నాలుగు రేపులు గడిపింది.

అయిదో రోజు ప్రయోగశాల నుంచి మేత నమూనాల ఫలితం వచ్చింది. ఆరు నీలం డబ్బాల్లోనూ లైసిన్ సరిగ్గా ఒకేలా ఉంది. కలపడంలో ఏ లోపమూ లేదు. బాబాయి తేలికపడ్డాడు, మర్నాడే మళ్ళీ ఎవరినో ఆటపట్టిస్తూ కనిపించాడు. కాటా అక్క కూడా గాలి పీల్చుకుంది. ఇక ఎవరి మీదా నింద లేదు, తనను అడిగేవాళ్ళూ లేరు. ఊరుకుంటే ఊరుకున్నట్టే.

కానీ ఆ వారంలోనే పెద్ద డాక్టరు షెడ్డుకు వచ్చారు. తలుపు దగ్గర నిలబడి, చెయ్యి గాల్లో చాపి చూశారు.

"ఇక్కడ ఈదురుగాలి కొడుతోంది. ఈ మూడు అరల పిల్లలు చలికి దెబ్బతిన్నాయి. వీటిని లెక్కలోంచి తీసెయ్యి," అన్నారు చిన్న డాక్టరమ్మతో. "గోడవార మూడే నిజం. అంటే మనం అనుకున్నదాని కన్నా తక్కువ లైసిన్‌తోనే పిల్ల పెరుగుతోందన్నమాట. చిన్న విషయం కాదిది. మేత మిల్లులవాళ్ళు ఎదురుచూస్తున్నారు. కిలో మేతకి రెండు గ్రాములు తగ్గించమని రాయొచ్చు."

"ఎన్ని కోళ్ళకి సార్, ఆ మేత?" అని అడిగింది కాటా అక్క. ఆమె ఎప్పుడూ పెద్ద డాక్టరుతో ముందుగా మాట కలపదు. ఆయన ఆశ్చర్యంగా చూసి నవ్వారు.

"ఎన్నని చెప్పనమ్మా? మన పట్టిక చూసి మేత కలిపే మిల్లులు ఎన్నో ఉన్నాయి. ఏడాదికి కొన్ని కోట్ల పిల్లలు."

ఆయన వెళ్ళిపోయారు. కాటా అక్క ఖాళీ అయిన నీలం అరలో రంపపు పొట్టు ఎత్తడానికి వంగి, అలాగే కూర్చుండిపోయింది. అరవై పిల్లల మీద జాలిపడి తను పోసిన దోసెళ్ళు కోట్ల పిల్లల తొట్లలోంచి తీసినట్టవుతాయి. అవన్నీ కడుపు నిండా తింటాయి. రొమ్ము ఎముక కత్తి అంచులా ఉంటుంది. పెంచేవాళ్ళు వచ్చి ఎందుకు పెరగలేదని అడిగితే, మీరు సరిగ్గా పెట్టడం లేదేమో అంటారు.

ఆమె లేచి, బూట్లు మందు నీళ్ళలో ముంచి, తిన్నగా చిన్న డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

"గాలి కాదమ్మా," అంది గుమ్మంలోనే నిలబడి. "నేనే."

"ఏంటక్కా, నువ్వేంటి?"

"గోడవార మూడు అరలకి తెల్ల మూత మేత పోశాను. సామాను గదిలో బస్తాలోది. ఎనిమిదో రోజు నుంచి ఆఖరి దాకా. పూటకో దోసెడు. చూడలేకపోయానమ్మా."

చిన్న డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "రెండేళ్ళక్కా," అంది. "ఈ ప్రయోగం కోసం రెండేళ్ళు తిరిగాను. నువ్వు తూచావంటే నేను మళ్ళీ చూడను. ఒక్కసారి కూడా చూడలేదు. తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"బాబాయిని అడిగినప్పుడు కూడా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

అంతకన్నా ఆ అమ్మాయి తిట్టలేదు. తిడితే బాగుండేదని కాటా అక్కకు అనిపించింది. కాసేపటికి ఆ అమ్మాయి లేచి కళ్ళు తుడుచుకుని, ఒక పళ్ళెంలో మేత పోసి, చిన్న కాటా పక్కన పెట్టింది. "దోసెడు తియ్యి," అంది. తీసింది. రెండు వందల పన్నెండు గ్రాములు. "మళ్ళీ తియ్యి." రెండు వందల ఎనిమిది. పదిసార్లు తీయించింది. ఒక్కసారి కూడా రెండు వందల అయిదుకు తగ్గలేదు, పదిహేను దాటలేదు. ఆ అమ్మాయి ఆ అంకెలన్నీ రాసుకుని, వాటి వంక చూస్తూ కూర్చుంది. "తప్పు చెయ్యడం కూడా తూచినట్టే చేశావు," అంది. మొహంలో నవ్వు లేదు.

పెద్ద డాక్టరుకు చెప్పక తప్పలేదు. ఆయన గదిలో కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"ఎలాగూ ఆరో వారానికి కోతకి పోయే కోళ్ళు. వాటి మీద జాలేంటమ్మా నీకు?" అన్నారాయన.

"పోయేదాకా బతకాలి కదా సార్," అంది. ఎదురు చెప్పాలని అన్న మాట కాదు. ఆమెకు తోచింది అదే.

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఫలితాలన్నీ పక్కన పడేశారు. ప్రయోగం మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలన్నారు. కాటా అక్కను షెడ్డులోంచి తీసి, పొదిగే యంత్రాల దగ్గర ట్రేలు కడిగే పనికి వేశారు. ఆమె అక్కడి నుంచి వెళ్ళి మొదట చేసిన పని బాబాయి ఎదుట నిలబడి జరిగింది చెప్పడం. ఆయన మొత్తం విన్నాడు. "నాలుగు రోజులు నన్ను అలా చూస్తూ ఎలా ఉన్నావు, అమ్మాయ్?" అని మాత్రం అడిగాడు. ఆయన యంత్రం వైపు తిరిగి మీట నొక్కాడు. ఆ చప్పుడులో ఇక మాట్లాడుకోవడానికి వీల్లేదు. తర్వాత ఆయన ఆమెతో మాట్లాడకపోలేదు గానీ, వేళాకోళం ఆడడానికి ఏడాది పట్టింది.

ట్రేలు కడిగే గదిలో ఆమె మూడు నెలలు ఉంది. పెంకుల ముక్కలు, వేడినీళ్ళ ఆవిరి, చేతులు ఒరుసుకుపోవడం. ఒకరోజు చిన్న డాక్టరమ్మ వచ్చి ఆ ఆవిరిలో నిలబడింది. కళ్ళద్దాలు మసకబారాయి.

"సోమవారం పిల్లలొస్తున్నాయి. మళ్ళీ ఇరవై నాలుగు అరలు. తూకానికి నువ్వు రావాలక్కా."

కాటా అక్క చెయ్యి నీళ్ళలోనే ఉండిపోయింది. "నన్నెలా నమ్ముతావమ్మా?" అంది. కంగారులో మీరు కాస్తా నువ్వయింది.

"నమ్మకం గురించి నాకు తెలీదు. కొత్తవాళ్ళు తప్పు చేస్తే నాకు ఎప్పటికీ తెలీదు. నువ్వు చేస్తే వచ్చి చెప్తావు. అది చూశాను." కళ్ళద్దాలు తీసి, "కానీ ఈసారి చెయ్యకూడదు. చెయ్యకుండా ఉండగలవా?" అని అడిగింది.

కాటా అక్క చేతులు తుడుచుకుని, "ఒక్కటి అడగనా?" అంది. "నాకో ఆడపిల్ల ఉండేది. నాలుగేళ్ళకి పోయింది. తినేది, బాగా తినేది. ఒంటికి పట్టేది కాదు. దానికీ ఇలాగే ఏదో ఒకటి తక్కువైందా? ఏ ఒక్కటో నేను పెట్టి ఉంటే బతికేదా?"

చిన్న డాక్టరమ్మ కళ్ళద్దాలు కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఆమె వంక సూటిగా చూసింది. ఏదో ఒక ఊరట మాట చెప్పి చేతులు దులుపుకోవచ్చు. చెప్పలేదు.

"నాకు తెలీదక్కా. మనుషుల పిల్లల సంగతి నేను చదవలేదు. అయి ఉండొచ్చు, కాకపోయీ ఉండొచ్చు. పెట్టినా ఇమడకపోయి ఉండొచ్చు. కోడిపిల్లల సంగతైనా సరిగ్గా తెలుసుకుందామనే ఈ తిప్పలన్నీ."

కాటా అక్క తల ఊపింది. ఇన్నేళ్ళలో తెలియదు అన్న డాక్టరు ఆమెకు ఈ అమ్మాయి ఒక్కతే తగిలింది. "ఉంటానమ్మా," అంది. "చెయ్యకుండా ఉంటాను."

రెండోసారి ప్రయోగం ఆమె జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. సామాను గది తాళం తనే తీసుకెళ్ళి చిన్న డాక్టరమ్మకు ఇచ్చేసింది. ఈసారి నీలం అరలు ఎక్కడెక్కడ పడ్డాయో చూసుకుని, పొద్దున మొదట వాటి దగ్గరకే వెళ్ళేది. తప్పించుకు తిరగకూడదనుకుంది. తూచి పోసేది. పోశాక వెంటనే రాకుండా ఒక నిమిషం అక్కడే నిలబడేది. అవి తినేవి, తల ఎత్తి చూసేవి, మళ్ళీ తినేవి. పదో రోజుకు వాటి ఈకలు లేచాయి. పన్నెండో రోజున ఒకటి చచ్చిపోయింది. దాన్ని తూచి, అర అంకె, తేదీ, తూకం రాసింది. రాస్తుంటే అక్షరాలు వంకరపోయాయి. కొట్టివేయకుండా అలాగే ఉంచింది.

ఆ మూడు వారాలూ ఇంట్లో ఆమె పెద్దగా మాట్లాడలేదు. ఒకరోజు మిషను ఆపి భర్త అడిగాడు. "మళ్ళీ ఆ నీలం పిల్లలేనా?"

"ఆఁ."

"పెడుతున్నావా?"

"లేదు. చూస్తున్నాను."

ఆయన లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి కూతురి పేరు వినిపించింది. ఆయనే అన్నాడు. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని దారపు ఉండలతో ఎలా ఆడేదో చెప్పాడు. ఆమెకు గుర్తులేని సంగతులు ఆయనకు గుర్తున్నాయి. ఆయనకు తెలియనివి ఆమె చెప్పింది. చీకటి పడక ముందే ఇద్దరూ ఏడ్చి, లేచి, ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

ఇరవై ఒకటో రోజు ఆరు నీలం అరలూ ఒకదానికొకటి పదిహేను గ్రాముల తేడాలో నిలిచాయి. లైసిన్‌కు, బరువుకు గీసిన గ్రాఫులో గీత ఎక్కడ వంగాలో అక్కడ వంగింది. పెద్ద డాక్టరు అనుకున్నట్టు తగ్గించడం కాదు, అప్పటిదాకా వాడుతున్నదానికి కిలో మేతకి ఇంకో అర గ్రాము కలపాలని తేలింది. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, కాటా అక్కను పిలిపించారు.

"నువ్వు ఆ రోజు నోరు మెదపకపోతే నా సంతకంతో తప్పు పట్టిక వెళ్ళేది," అన్నారు. కృతజ్ఞత చెప్పడం ఆయనకు చేతకాదు. ఏదో వెతుక్కుని, "నీకేమైనా కావాలా?" అన్నారు.

"నీలం పిల్లల్ని ఇప్పుడే లారీ ఎక్కించకండి సార్. పదిరోజులు తెల్ల మూత మేత పెట్టనివ్వండి."

ఆయన చిన్న డాక్టరమ్మ వంక చూశారు. "వెనకబడిన పిల్లలు మళ్ళీ అందుకుంటాయో లేదో అదీ చూసినట్టవుతుంది సార్," అంది ఆ అమ్మాయి వెంటనే. అలా ఆ పదిరోజులు ప్రయోగంలోనే కలిశాయి.

మొదటి రోజు కాటా అక్క తెల్ల మూత డబ్బా తీసుకుని నీలం అరలోకి అడుగుపెట్టింది. తూచి పోసింది, దోసెడుతో కాదు. పది రోజుల్లో చాలా పిల్లలు పుంజుకున్నాయి. ఈకలు సర్దుకున్నాయి. కడుపు నిండాక తొట్టి వదిలిపెట్టి, బల్బు కింద ఒళ్ళు సాచి నిద్రపోవడం నేర్చుకున్నాయి. తెల్ల మూత పిల్లలను పూర్తిగా అందుకోలేకపోయినా దగ్గరకు వచ్చాయి. ఓ ఏడెనిమిది మాత్రం ఎంత పెట్టినా అలాగే ఉండిపోయాయి. ఆమె వాటినీ తూచి, ఉన్నది ఉన్నట్టు రాసింది. పదకొండో రోజు లారీ వచ్చింది. బుట్టల్లోకి పిల్లలను ఎక్కించేటప్పుడు కూలీలు రెక్క పట్టుకుని లాగుతుంటే ఆపి, తనే ఒక్కొక్కదాన్నీ రొమ్ము కింద చెయ్యి పెట్టి అందించింది. గంటన్నర ఆలస్యమైంది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు.

చిన్న డాక్టరమ్మ పట్టా పుచ్చుకుని వేరే చోటికి వెళ్ళిపోయింది. కాటా అక్క ఇంకో తొమ్మిదేళ్ళు అదే షెడ్డులో పనిచేసింది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే బాధ్యత ఆమె మీద పడింది. పిల్లను ఎలా పట్టుకోవాలో చూపించాక, బూట్లు ముంచడం నేర్పాక, పుస్తకం చేతికిచ్చే ముందు ఆమె వాళ్ళను కూర్చోబెట్టి తను చేసిన పని చెప్పేది. ఎన్ని అరలు, ఎన్ని దోసెళ్ళు, బాబాయి అన్నం డబ్బా ఎలా మూసేశాడో అన్నీ చెప్పేది. తన తప్పు తనే ఇలా చాటుకోవడమెందుకని కొందరు ముక్కున వేలేసుకునేవారు.

ఒకసారి నలభై ఏళ్ళ కొత్తావిడ అంతా విని, "మరి ఇప్పుడు జాలి వెయ్యదా అక్కా?" అని అడిగింది.

"వెయ్యకపోతే ఈ పనికి పనికిరావు," అంది కాటా అక్క. "వేసినా సరే, పుస్తకంలో ఉన్నదే పొయ్యాలి. పద, నీలం అరల దగ్గర మొదలుపెడదాం."